తులిప్ తోటా, బ్యాంకాక్ పూల బజారా? మిద్దె తోటల వాళ్ల విదేశీ యాత్రల లెక్క

క్లుప్తంగా: పూలతోటలు చూడటానికి విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్ల నోట ముందుగా వచ్చే పేరు నెదర్లాండ్స్. అక్కడి పేరున్న తులిప్ తోట కూకెన్‌హాఫ్ ఏడాదిలో తెరిచి ఉండేది సుమారు ఎనిమిది వారాలే. అక్కడి పూలు మన ఎండకు బతకవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తోటలకు పనికొచ్చేది ఎక్కువగా బ్యాంకాక్‌లో, కొంత సింగపూర్, శ్రీలంకల్లో దొరుకుతుంది. ఏ దేశం వెళ్లినా అనుమతి లేకుండా మొక్క, దుంప, విత్తనం వెంట తేవడం చట్టం ఒప్పుకోదు. ఆ నిబంధన ఎందుకుందో మన మిరప చేలను, చెరువులను చూస్తే తెలుస్తుంది.

కడియం దాటి

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మొక్కల కోసం ప్రయాణం అంటే చాలాకాలం కడియమే. గోదావరి పక్కన ఆ నర్సరీలన్నీ తిరిగి, వ్యాన్ నిండా కుండీలు వేసుకుని రావడం ఒక పండుగలాంటి పని. కొంచెం ఓపికున్న వాళ్లు బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకో, ఊటీకో వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే మనుషులు పాస్‌పోర్టులు తీయిస్తున్నారు. ఉద్యోగం నుంచి రిటైరైన దంపతులు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులు, మిద్దె మీద వంద కుండీలు పెంచుతున్న గృహిణులు ఇందులో ఎక్కువ. కొద్దిమంది పూల రైతులు, నర్సరీల వాళ్లూ ఉన్నారు.

దీనికి ఒక కారణం దూరం. నెల్లూరుకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. చెన్నైలో విమానం ఎక్కితే కొలంబో గంటన్నర లోపే, బ్యాంకాక్ మూడున్నర గంటలు, సింగపూర్ నాలుగు గంటల పైచిలుకు. విమానంలో కూర్చునే సమయం వరకే లెక్కేస్తే, నెల్లూరు నుంచి రాజమండ్రికి రైల్లో వెళ్లడం కంటే ఇది తక్కువ. రెండో కారణం వీసా. 2023 నవంబర్ నుంచి థాయ్‌లాండ్, డిసెంబర్ నుంచి మలేసియా భారతీయులకు వీసా అవసరం లేకుండా ప్రవేశం ఇచ్చాయి. ఇలాంటి నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసే ముందు ఆ దేశపు అధికారిక సమాచారం చూసుకోవాలి.

అసలు అయోమయం ఎక్కడొస్తుందంటే, గార్డెన్ టూర్ అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఒకటి కళ్లకు విందు కోసం ఏటా కొత్తగా అలంకరించే ప్రదర్శన తోట. రెండోది శాస్త్రం కోసం చెట్లను సేకరించి, పేర్లు రాసి, దశాబ్దాల తరబడి కాపాడే వృక్షోద్యానం. మూడోది పూల బజారు. మొదటిది ఫొటోలకు, రెండోది చెట్టును గుర్తుపట్టడానికి, మూడోది వ్యాపారం అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. ప్యాకేజీ కొనేవాళ్లు సాధారణంగా మొదటిదాని బొమ్మ చూసి డబ్బు కడతారు.

14 డిగ్రీల గీత మీద

ప్రపంచ పటం తీసి అక్షాంశాలు చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఒంగోలు 15.5 మీద ఉన్నాయి. బ్యాంకాక్ 13.7 మీద ఉంది. అంటే నెల్లూరు నుంచి తూర్పుగా గీత గీస్తే బంగాళాఖాతం దాటి దాదాపు బ్యాంకాక్ దగ్గర తేలుతుంది. తులిప్ తోట ఉన్న లిస్సే పట్టణం 52 డిగ్రీల దగ్గర ఉంది.

ఇది పటం మీది తేడా మాత్రమే కాదు. తులిప్ దుంప మొలకెత్తి సరైన కాడతో పూయాలంటే దానికి సుమారు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీలో అంతకంటే తక్కువో చలి తగలాలి. ఆ చలి తగలకపోతే లోపల ఉన్న పూమొగ్గ కాడ సాగదు. ఆకులు వచ్చి ఆగిపోతాయి, లేదా నేలకు అంటుకుని ఒక కుంటి పువ్వు విచ్చుకుంటుంది. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. దుంపను ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచి నాటితే ఒకసారి పూయించొచ్చు. తర్వాతి ఏడాదికి సరిపడా ఆహారం దుంపలో నిల్వ చేసుకునేలోపే మన ఎండ దాన్ని ఉడకబెడుతుంది. కశ్మీర్‌లో, దాల్ సరస్సు పక్కన 2007లో తెరిచిన తులిప్ తోట నిలబడటానికి అక్కడి చలికాలమే కారణం.

బ్యాంకాక్ అక్షాంశం మనదే అయినా వాన మనది కాదు. అక్కడ మే నుంచి అక్టోబర్ వరకు వర్షాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొడిగా, కాస్త చల్లగా ఉంటుంది. నెల్లూరుకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. ప్రకాశం పడమటి మండలాలకు ఆ వానా సరిగా అందదు. ఇంకో మాట కూడా కలుపుకోవాలి. తీరం వెంట చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే పక్కింట్లో కాగితం పూలు విరగబూస్తుంటే గులాబీ ఆకు అంచులు మాడుతుంటాయి. విదేశీ తోటలో ఒక మొక్క నచ్చినప్పుడు ముందు అడగాల్సింది దాని ధర కాదు, దానికి పోసే నీళ్ల గురించి.

ఎనిమిది వారాల తోట

ఆమ్‌స్టర్‌డామ్‌కు నైరుతిగా ఉన్న కూకెన్‌హాఫ్ 1950లో సందర్శకులకు తెరుచుకుంది. విస్తీర్ణం సుమారు 32 హెక్టార్లు, అంటే దాదాపు 80 ఎకరాలు. ఏటా శరదృతువులో తోటమాలులు చేతులతో దాదాపు 70 లక్షల దుంపలు నాటుతారు. ఒకే గుంటలో ఆలస్యంగా పూసేది అడుగున, ముందుగా పూసేది పైన, మధ్యరకం మధ్యలో పొరలుగా పెడతారు. ఒక పొర వాడే సమయానికి ఇంకో పొర పైకి వస్తుంది. తోట మార్చి మధ్య నుంచి మే మధ్య వరకే తెరిచి ఉన్నా ఏ వారం వెళ్లినా రంగు కనిపించడానికి కారణం ఈ ఏర్పాటే. సీజన్ అయిపోగానే దుంపలన్నీ తవ్వేస్తారు. మరుసటి ఏడాది కొత్త డిజైన్, కొత్త దుంపలు. దుంపలను ఇచ్చేది అక్కడి రైతులే. తోట వాళ్లకు ఒక పెద్ద షోరూమ్.

కూకెన్‌హాఫ్ బయట పొలాల్లో పరిస్థితి వేరు. అక్కడి రైతుకు కావాల్సింది పువ్వు కాదు, దుంప. పువ్వు విచ్చుకుని రకం సరిగా ఉందో లేదో చూసుకున్నాక, యంత్రంతో తలలు కోసేస్తారు. మొక్క బలం గింజ మీదికి పోకుండా దుంపలోకి దిగాలని. ఏప్రిల్ చివర్లో వెళ్లి, బస్సు కిటికీలోంచి రంగుల చారలు చూద్దామనుకున్న వాళ్లకు పచ్చటి కాడలు మాత్రమే కనిపించేది ఇందుకే. వాతావరణాన్ని బట్టి కొంత ముందూ వెనకా అవుతుంది గానీ, పొలాలూ తోటా రెండూ చూడాలంటే సాధారణంగా ఏప్రిల్ మధ్య వారాలు మేలు. మార్చిలో వెళ్తే డాఫొడిల్స్, హయసింత్‌లు ఎక్కువగా ఉంటాయి. చలీ వానా కూడా.

ఇక్కడే ప్యాకేజీల మతలబు ఉంది. పది పన్నెండు రోజుల్లో ఆరేడు దేశాలు తిప్పే టూర్లలో కూకెన్‌హాఫ్‌కు దొరికేది రెండు మూడు గంటలు. లోపల నడకదారులే దాదాపు 15 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల మనిషికి ఇందులో నాలుగోవంతు చూడటం కూడా కష్టం. ఇక మే చివర్లోనో జూన్‌లోనో బయల్దేరే బ్యాచ్‌లకు తోట మూసే ఉంటుంది. కరపత్రం మీద తులిప్ బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. పిల్లల వేసవి సెలవులు చూసుకుని టూర్ పెట్టుకునే కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ తేదీల దగ్గరే. పంటల వాళ్లకు ఇంకో చిక్కు: నెల్లూరు డెల్టాలో రబీ వరి కోతలు, ప్రకాశంలో పొగాకు వేలం కూడా ఇంచుమించు తులిప్‌లు పూసే నెలల్లోనే సాగుతుంటాయి.

ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సింగెల్ కాలువ మీద 1862 నుంచి నడుస్తున్న పూల బజారు గురించి ఒక్క మాట చాలు. ఒకప్పుడు పడవల మీద పూలు వచ్చేవి. ఇప్పుడు అక్కడ పూల కంటే పర్యాటకులకు అమ్మే దుంపల ప్యాకెట్లు, ఫ్రిజ్ అయస్కాంతాలు ఎక్కువ. అసలు వ్యాపారం చూడాలంటే ఆల్స్‌మీర్ వెళ్లాలి.

గడియారం చెప్పే ధర

ఆల్స్‌మీర్‌లోని రాయల్ ఫ్లోరాహాలండ్ పూల వేలం కేంద్రం ప్రపంచంలోనే అతిపెద్ద భవనాల్లో ఒకటి. అది పూలు పండించే రైతుల సహకార సంఘానిది. కెన్యా, ఇథియోపియాల్లో పండిన గులాబీలు కూడా విమానాల్లో వచ్చి ఇక్కడ చేతులు మారతాయి.

ప్రకాశం రైతుకు వేలం కొత్త కాదు. ఒంగోలు, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్లు వరసగా పెడతారు, వ్యాపారులు ధర పెంచుకుంటూ పోతారు, ఎక్కువ పాడిన వాడికి సరుకు దక్కుతుంది. ఇప్పుడు నోటితో కాక మిషన్ మీద పాడుతున్నా పద్ధతి అదే. ఆల్స్‌మీర్‌లో ధర పై నుంచి కిందికి దిగుతుంది. తెర మీద గడియారం ముల్లు ఎక్కువ ధర దగ్గర మొదలై జారుతూ వస్తుంది. ముందుగా ఎవరు బటన్ నొక్కితే ఆ ధరకు సరుకు వాళ్లది. ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో మొదట 1887లో, బ్రూక్ ఆప్ లాంగెడైక్ అనే ఊళ్లో, పడవల మీద వచ్చే కూరగాయల కోసం పుట్టింది.

కిందికి దిగే ధర ఎందుకంటే సమయం కోసం. పెరుగుతూ పోయే పాటలో ఒకరి మీద ఒకరు ఐదారు సార్లు పాడాలి. దిగే పాటలో ఒక్క నొక్కుతో అమ్మకం అయిపోతుంది, కొన్ని సెకన్లలో. పొగాకు బేలుకు ఈ రోజు ‘నో బిడ్’ అయితే ఇంటికి తీసుకెళ్లి ఇంకో రోజు తేవచ్చు, రైతు గుండె మండుతుందనుకోండి. పువ్వుకు ఆ అవకాశం లేదు. కనీస ధర కూడా రాకపోతే చెత్తకే. సరుకు ఎంత త్వరగా పాడవుతుందో వేలం అంత వేగంగా జరగాలన్నది ఆ గడియారం వెనకున్న సూత్రం.

కొనేవాడి మీద కూడా దీని ఒత్తిడి వేరు. పెరిగే పాటలో పక్కవాడి ధర వినిపిస్తుంది కాబట్టి ఒక్క రూపాయి ఎక్కువ పాడితే చాలు. దిగే పాటలో పక్కవాడి మనసులో ఏముందో తెలియదు. ఇంకొంచెం ఆగితే చవకవుతుంది, ఆగితే సరుకు పోవచ్చు. వ్యాపారులు కుమ్మక్కై ధర పెరగకుండా చూస్తున్నారన్న ఫిర్యాదు మన వేలాల్లో తరచూ వింటుంటాం. గడియారం పెట్టినంత మాత్రాన అది పూర్తిగా పోదు. కాకపోతే కుమ్మక్కైన గుంపులోంచి ఒక్కడు మాట తప్పి బటన్ నొక్కినా అక్కడితో ఆట అయిపోతుంది.

ఈ వేలం చూడాలంటే సోమవారం నుంచి శుక్రవారం వరకే, అదీ పొద్దున్నే వెళ్లాలి. కొనేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చుని కొంటున్నారు. కాబట్టి పై గ్యాలరీలో నడిచే సందర్శకుడికి కనిపించేది ప్రధానంగా ట్రాలీల రైళ్లు. తోట మీద ఇష్టంతో వెళ్లిన వాళ్లకు ఇది కొంచెం చప్పగా అనిపించొచ్చు. పూల రైతుకూ వ్యాపారికీ మాత్రం కూకెన్‌హాఫ్ కంటే ఇదే ముఖ్యం.

అయితే ఆల్స్‌మీర్ లెక్క కాడల లెక్క. ఒక బకెట్‌లో ఎన్ని కాడలు, కాడ పొడవెంత, మొగ్గ ఏ దశలో ఉంది అన్నవి చూసి ధర కడతారు. మన దగ్గర మల్లె, కనకాంబరం, చామంతి, బంతి, లిల్లీ విడి పూలుగా కిలోల్లో వచ్చి, మాల కట్టాక మూరల్లో అమ్ముడవుతాయి. మల్లెను తెల్లవారకముందే మొగ్గగా కోయాలి, సాయంత్రానికి విచ్చుకుంటుంది. మర్నాటికి దానికి విలువ లేదు. ఈ సరుకుకు సరిపోలే బజారు యూరప్‌లో లేదు.

మన పూలే, వేరే పనితనం

మన పూలకు సరిపోలే బజారు ఉన్నది బ్యాంకాక్‌లో. చావో ప్రాయా నది ఒడ్డున పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల బజారు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. అసలు సందడి అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా. పగలు పదింటికి వెళ్లి, ఇంతేనా అని వచ్చేసేవాళ్లే ఎక్కువ. రాజభవనం, శయన బుద్ధుడి వాట్ ఫో ఆలయం దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి, బజారును తెల్లవారుజామున చూసి, కాస్త విశ్రాంతి తీసుకుని, పొద్దున గుడికి వెళ్లేలా రోజును అమర్చుకోవచ్చు. 2019లో ఆ పక్కనే సనామ్ చాయ్ మెట్రో స్టేషన్ కూడా వచ్చింది, కానీ నడిరాత్రి మెట్రో ఉండదు.

అక్కడ గుట్టలుగా కనిపించేవి మనకు పరాయివి కావు. బంతి, మల్లె మొగ్గలు, తామర, గులాబీ రేకులు, సంపెంగ. వీటితో పాటు తెల్ల జిల్లేడు. మన దగ్గర జిల్లేడు ఆంజనేయుడికీ, వినాయకుడికీ, రథసప్తమికీ. మిగతా రోజుల్లో ఎవరూ దాని వంక చూడరు. థాయ్‌లాండ్‌లో జిల్లేడు మొగ్గల పైభాగాన్ని తీసి, ముత్యాల్లా గుచ్చి పెళ్లి దండల్లో వాడతారు. నీళ్లు పోయకుండా, మందు కొట్టకుండా, ఉప్పు నేలలో పెరిగే మొక్కకు అక్కడ ధర ఉంది. ప్రకాశం బంజరుల్లో దానికి కొదవ లేదు. పాలు కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి కోసేటప్పుడు జాగ్రత్త అవసరం.

గమనించాల్సిన రెండో విషయం ఐసు. మల్లె మొగ్గలు, దండలు మంచు ముక్కల మీదో, పక్కనో ఉంటాయి. పెద్ద కోల్డ్ స్టోరేజీలు కాదు, చేపల బజారులో కనిపించేలాంటి ఐసే. పువ్వు కోశాక కూడా ఊపిరి తీసుకుంటూ వేడి పుట్టిస్తుంది. బుట్టలో కుక్కితే ఆ వేడికి లోపలివి ముందు కమిలిపోతాయి. వేడి తగ్గితే ఊపిరి నెమ్మదిస్తుంది, మొగ్గ ఆలస్యంగా విచ్చుకుంటుంది. నెల్లూరు తీరంలో రొయ్యలకూ చేపలకూ ఐసు ఫ్యాక్టరీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. పూలు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల తడి గోనెపట్టా కిందే ప్రయాణం చేస్తున్నాయి.

మూడోది పనితనం. తామర మొగ్గ రేకులను ఒక్కొక్కటిగా లోపలికి మడిచి దాన్ని వేరే పువ్వులా మార్చడం, చిన్న దండను మణికట్టుకు, కారు అద్దానికి సరిపడేలా కట్టడం లాంటివి. పువ్వు అదే, ధర మారింది చేతిపని వల్ల. దీన్ని నేర్చుకోవడానికి పెట్టుబడి అక్కర్లేదు, గంటసేపు పక్కన నిలబడి చూసే ఓపిక కావాలి. కట్టే వాళ్లకు అడ్డం రాకుండా, ఒక దండ కొని నిలబడితే ఎవరూ ఏమనరు.

నవంబర్ పున్నమికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. లోయ్ క్రథోంగ్ అనే పండుగకు అరటి బోదె ముక్కల మీద పూలు, దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. మన కార్తీక పౌర్ణమి దీపాలకు ఇది దగ్గరి చుట్టం. సాధారణంగా రెండూ ఒకే పున్నమికి వస్తాయి. ఆ వారం బజారు నిండా అరటి బోదెలే. అయితే అది మనకు తుపాన్ల కాలం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నై విమానాశ్రయాన్నే మూసేశారు. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవడం మంచిది.

మొక్కలు చూడాలంటే చతుచక్ బజారులో బుధ, గురువారాలు మొక్కలకే. శని, ఆదివారాల్లో అది బట్టలూ సామానూ అమ్మే పెద్ద సంత. మిద్దె తోటల వాళ్లకు అక్కడ అడీనియం దగ్గర కాళ్లు ఆగిపోతాయి. ఆఫ్రికా, అరేబియా ఎడారుల ఈ మొక్కను థాయ్ తోటమాలులు అంటుకట్లతో, సంకరాలతో వందల రంగుల్లోకి తెచ్చారు. ఎండకూ నీటి కొరతకూ తట్టుకుంటుంది కాబట్టి మన ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం ఈశాన్య వానల్లో కుళ్లిపోతుంది. ఆర్కిడ్ తోటల్లో మట్టి ఉండదు. కొబ్బరి డొక్కల్లో, నల్లటి నీడ వలల కింద పెంచుతారు. కొబ్బరి డొక్కకు మన తీరంలో కరువు లేదు. గాలిలో తేమ తక్కువున్న మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజుకు రెండు మూడు సార్లు తడపాల్సి రావడమే ఇక్కడి ఇబ్బంది. పటాయా దగ్గర 1980లో తెరిచిన నాంగ్ నూచ్ తోట చాలా ప్యాకేజీల్లో ఉంటుంది. ఏనుగుల ఆటలు అటుంచి, తాటి చెట్టులా కనిపించే సైకస్ మొక్కల సేకరణ అక్కడ చూడదగ్గది.

సింగపూర్, పెరదెనియ

సింగపూర్ వృక్షోద్యానం 1859లో మొదలైంది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 82 హెక్టార్ల తోటకు ప్రవేశం ఉచితం. లోపలి జాతీయ ఆర్కిడ్ తోటకే టికెట్. 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే ఇందుకు పూర్తిగా వేరు. అక్కడి ఫ్లవర్ డోమ్ అనే అద్దాల మేడను ఏడాది పొడవునా చల్లగా ఉంచి, ఏటా కొన్ని వారాలు తులిప్‌లు కూడా చూపిస్తారు. ఒక్క తులిప్ చూడాలన్న కోరికతో షెంగెన్ వీసాకు (నెదర్లాండ్స్ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) తిరుగుతున్న వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. సింగపూర్ రోడ్ల పక్కన గొడుగుల్లా పరుచుకున్న చెట్లు చూసి ఆశ్చర్యపోయేవాళ్లకు మరో సంగతి: అవి నిద్రగన్నేర్లే. మన పాత రోడ్ల పక్కనా ఉండేవి, విస్తరణలో కొట్టేశాం. అక్కడ వాటిని కొలతలు వేసి, కొమ్మలు సరిచూసి కాపాడతారు.

శ్రీలంకలో కాండీ పక్కన, మహవేలి నది మలుపులో ఉన్న పెరదెనియ 1821 నాటిది. 147 ఎకరాలు. జంట కొబ్బరి, జావా మర్రి, తాళవృక్షాల వరసలు, బ్రిటిష్ యువరాజ దంపతులు 1901లో నాటిన నాగలింగం చెట్టు ఉన్నాయి. చాలా చెట్లకు శాస్త్రీయ నామం, సొంత దేశం రాసిన పలక కనిపిస్తుంది. తక్కువ ఖర్చులో, తక్కువ నడకతో, మన భోజనానికి దగ్గరగా ఉండే తిండితో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే తగినది. ఆ తడి వాతావరణం మాత్రం మనకు లేదు. అక్కడ రోడ్డు పక్కన దానంతటదే పెరిగే ఫెర్న్ ఒంగోలులో మేడ మీద వారం నిలవదు.

లండన్ క్యూ గార్డెన్స్, మే నెలలో జరిగే చెల్సీ పూల ప్రదర్శన గొప్పవే, కానీ పిల్లలు అక్కడ ఉంటేనే లెక్క కుదురుతుంది. దుబాయ్ మిరాకిల్ గార్డెన్ 2013 నుంచి ఉంది, ఎండాకాలం మూసేస్తారు. పిటూనియాలతో కట్టిన విమానాన్ని చూసి రావడమే తప్ప తోటపని పరంగా నేర్చుకునేది తక్కువ.

పన్ను రిటర్న్ లేని రైతు

స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో విదేశీయానం కోసం కూడా రొట్టె పట్టుకునే ఊరు నెల్లూరు. అయితే షెంగెన్ వీసా కాగితాల మీద నడుస్తుంది. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు; కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేలిముద్రలకు చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలి. ఏప్రిల్ తులిప్‌లకు జనవరిలోనే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే ఎండాకాలం టూర్ల రద్దీలో అపాయింట్‌మెంట్లే దొరకవు.

రైతులకు ఎదురయ్యే చిక్కు ప్రత్యేకమైంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు; నర్సరీలో పెంచి అమ్మే మొక్కల ఆదాయాన్ని కూడా చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది. దాంతో చేతిలో డబ్బున్నా చాలామందికి ఆదాయపు పన్ను రిటర్న్ ఉండదు. వీసా అధికారికి కావాల్సింది రెండు విషయాల మీద నమ్మకం: ఖర్చు భరించగలడు, తిరిగి వస్తాడు. రిటర్న్ లేనప్పుడు పట్టాదారు పాస్ పుస్తకం, సరుకు అమ్మిన రసీదులు, నెలల తరబడి సహజంగా నడిచిన బ్యాంకు ఖాతా ఆ పని చేయాలి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన పెద్ద మొత్తం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

విదేశీ ప్యాకేజీ మీద టూర్ ఆపరేటర్ వసూలు చేసే టీసీఎస్ (అమ్మకం దగ్గరే పట్టుకునే పన్ను)తోనూ ఇదే తంటా. 2023 నుంచి దాని రేట్లు, పరిమితులు ఒకటికి రెండుసార్లు మారాయి. అది అదనపు పన్ను కాదు, ముందుగా పట్టుకునే మొత్తం. కానీ వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలి. ఎప్పుడూ వేయని రైతు ఆ డబ్బును టూర్ ఖర్చులో కలిపేసి మర్చిపోతున్నాడు.

సూట్‌కేసులో కొమ్మ

మొక్కల మనిషికి చేతులు ఊరుకోవు. తడి గుడ్డలో చుట్టిన కొమ్మ, సాక్సులో దూర్చిన దుంప, పర్సులో నాలుగు గింజలు అనేవి పాత అలవాటు. 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటడానికి పనికొచ్చే మొక్కలు, దుంపలు, విత్తనాలు తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, బయల్దేరే దేశం నుంచి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మట్టి అంటుకుని ఉండకూడదు. చెన్నైలో ఈ పని చూసే ప్రాంతీయ కేంద్రం మీనంబాక్కంలో ఉంది. ఆర్కిడ్లు, సైకస్‌లు, కాక్టస్‌లకు, అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఆంక్షలు అదనం. సీసాలో పెంచిన ఆర్కిడ్ పిల్లలకు సైటిస్ నుంచి మినహాయింపు ఉందని దుకాణదారు చెబుతాడు. చాలావరకు అది నిజమే, కానీ క్వారంటైన్ నుంచి మినహాయింపు కాదు. ఆమ్‌స్టర్‌డామ్ దుంపల ప్యాకెట్ మీద ఎగుమతికి అనుమతి అన్న ముద్ర ఉన్నా, అది మన దేశానికి చెల్లుతుందని కాదు.

ఒక కొమ్మతో ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు మన చుట్టూ ఉంది. చెరువుల్ని కప్పేసే గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి అందమైన పువ్వుగా వచ్చింది. లంటానాను 1809లో కలకత్తా తోటకు అలంకారంగా తెచ్చారు. ఇప్పుడు అడవుల్ని అల్లుకుంది. 1877లో జమైకా నుంచి వచ్చిన గింజలతో కడప జిల్లా కమలాపురంలో సర్కారు తుమ్మ, అంటే చిల్ల కంప, మొదలైంది. ప్రకాశం బీళ్లలో ఈ రోజు చిల్ల కంప లేని గట్టు చూపించడం కష్టం. కొబ్బరి ఆకుల మీద తెల్లగా చుట్టలు పెట్టే రుగోస్ తెల్లదోమ దేశంలో 2016లో పొల్లాచి దగ్గర బయటపడి, కొద్ది ఏళ్లలోనే కోస్తా ఆంధ్రకు చేరింది.

మిరపదే తాజా గాయం. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు మన దేశంలో 2015లో బొప్పాయి మీద నమోదైంది. 2021లో గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరపపై విరుచుకుపడి పూతను రాల్చేసింది. మామూలు తామర పురుగులా ఆకుల మీద ఆగకుండా ఇది పూలలోకి దూరుతుంది, మందు అందదు. దేశంలోకి ఏ దారిన వచ్చిందన్నది పక్కన పెట్టినా, పూలలో దాక్కునే ఇలాంటి పురుగుకు పూల కొమ్మ కంటే మంచి వాహనం ఉండదు. బ్యాంకాక్ బజారు నుంచి తెచ్చిన ఒక్క కొమ్మ కొండపి మిరప చేనుకు ఎంత దూరమో ఇక్కడ లెక్కేసుకోవచ్చు.

థాయ్ అడీనియం, ఆర్కిడ్, కాగితం పూల రకాలు చాలావరకు అనుమతితో దిగుమతి అయ్యి కడియం, బెంగళూరు నర్సరీల్లో దొరుకుతున్నాయి. కాబట్టి యాత్రలో చేయాల్సింది పలక మీది శాస్త్రీయ నామాన్ని ఫొటో తీసుకోవడం. వ్యాపారపు పేరుతో అడిగితే నర్సరీ వాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు, శాస్త్రీయ నామంతో అడిగితే ఉందో లేదో చెబుతాడు. తులిప్ మీద మనసు పడ్డవాళ్లకు మన ఎండలో పూసే దుంపలూ ఉన్నాయి: వాన లిల్లీ, హిప్పియాస్ట్రమ్, మే నెలలో ఆటబంతిలా గుండ్రంగా, ఎర్రగా విచ్చుకునే ఫుట్‌బాల్ లిల్లీ. చివరిది ఏడాదికి ఒకేసారి పూస్తుంది, అదీ సరిగ్గా జనం తులిప్‌లు చూసి తిరిగొచ్చే రోజుల్లో.